వాడు అత్తమ్మనే అడిగాడు

మా పెద్దవాడికి ఐదేళ్లప్పుడు పేగుల ఆపరేషన్ అయింది. పుట్టుకతోనే వాడి పేగులు కడుపులో సరిగా అమరలేదట, అందుకే మెలిపడ్డాయట. కరీంనగర్ డాక్టరు పెద్ద కోత అక్కర్లేదు, చిన్న రంధ్రాల్లోంచి చేసే దుర్బీన్ ఆపరేషన్ చాలన్నారు. నేనప్పుడు బాలింతను. మందమర్రి క్వార్టర్‌లో చంటిదానితో ఉండిపోయాను. మా ఆయన అక్క జమ్మికుంట నుంచి వచ్చి ఆసుపత్రిలో వాడి వెంట ఉంది.

ఇంటికొచ్చాక వాడు నా పక్కన పడుకోలేదు. వాడితోపాటే వచ్చిన వదిన గంజి పోస్తేనే తాగేవాడు. "అత్తమ్మ ఊది ఇస్తది, నువ్వు ఊదవు" అన్నాడు నాతో. ఆమె బస్సెక్కిన రోజు వాడు ఏడుస్తుంటే నాకు లోలోపల హాయిగా అనిపించింది.

కొన్ని నెలలకు వాడికి మళ్లీ కడుపునొప్పి, పసరులా పచ్చటి వాంతులు. అక్కకు ఫోన్ చేద్దామన్నాడు మా ఆయన.

"ఎందుకు? నేను తల్లిని కాదా?" అన్నాను.

చంటిదాన్ని మా అమ్మకు అప్పగించి కరీంనగర్ పోయాం. పేగు మళ్లీ మెలిపడిందని, దుర్బీన్ ఆపరేషన్ తర్వాత కొందరు పిల్లల్లో ఇలా అవుతుందని, ఈసారి పొట్ట కోయక తప్పదని డాక్టరు చెప్పారు.

ఆపరేషన్ అయ్యాక వాడు కళ్లు తెరిచి, ముక్కులో గొట్టంతోనే అడిగాడు.

"అత్తమ్మ రాలే?"

చేయి పట్టుకోబోతే వెనక్కి లాక్కున్నాడు. నాకు వాడి మీద కాదు, ఆమె మీద మండింది. అయినా ఫోన్ నేనే చేశాను.

"జర రా వదినా. నిన్నే అడుగుతుండు."

"గింత జరిగితే నాకెందుకు చెప్పలే?"

ఫోన్ మా ఆయన చేతిలో పెట్టాను. ఆమె మధ్యాహ్నానికల్లా వచ్చేసింది.

గ్యాస్ పోతేనే నోటికి నీళ్లిస్తామని నర్సు చెప్పింది. నేనడిగితే సిగ్గుతో ముఖం తిప్పుకున్నాడు. మరునాడు వదిన "పిత్తినవారా?" అంటే కుట్లు పట్టుకుని నవ్వుతూ అవునని తలూపాడు. ఆ సంగతి నర్సుకు చెప్పింది కూడా ఆమే. నేను కిటికీ దగ్గర నిలబడి విన్నాను.

వాడిప్పుడు బడికి పోతున్నాడు, అన్నీ తింటున్నాడు. వదిన లేకపోతే మాకు కష్టమయ్యేదని అందరితో అంటాను, అది నిజమే. కానీ సెలవులు రాగానే జమ్మికుంట పోతానని వాడు బ్యాగు తెచ్చి ముందు పెడితే, బట్టలు మడతపెట్టి ఇస్తూనే లోపల కుళ్లుకుంటాను.