గాలి మేస్త్రీ కట్టిన రేకులు

మా ఆయన్ని అందరూ గాలి మేస్త్రీ అనేవారు. నీళ్ళతో చల్లబడే ఇంజన్ల జోలికి ఆయన పోలేదు. వెనక వైపు ఇంజన్ ఉండి, ఫ్యాను గాలితో చల్లబడే పాత కార్లే ఆయన లోకం. ముప్పై ఒక్క ఏళ్ళు వాటి కింద పడుకునే బతికారు.

ఇంట్లో మాట తక్కువ. షెడ్డులో మాత్రం ఒక చెక్కపుల్లను ఇంజన్‌కీ చెవికీ మధ్య ఆనించి, అదేదో కష్టసుఖాలు చెబుతున్నట్టు తల ఊపుతూ వినేవారు. “నా మాట ఎప్పుడైనా ఇంత శ్రద్ధగా విన్నారా?” అని ఒకసారి దెప్పాను. “నువ్వు తేడాగా మోగితేగా!” అన్నారు. ఆయన హాస్యం అంతే. ఏడాదికి రెండుసార్లు వస్తే గొప్ప.

ఆయన పోయి నాలుగు నెలలైంది. ఏడవడం నా పని, అది నేను చూసుకుంటాను. పోయినవాడు తిరిగి మాట్లాడలేడు కదా అని ఆయన మీద నింద వేస్తే మాత్రం ఊరుకోవడం నా చేత కాలేదు.

పళ్ళ డాక్టరుగారికి వాళ్ళ నాన్న నడిపిన గుండ్రటి పాత కారు ఒకటి ఉంది. మేం దాన్ని తాబేలు అనేవాళ్ళం. చిన్న ఎత్తు ఎక్కాలన్నా ఆపసోపాలు పడేది. వెనక లారీలు హారన్లు కొట్టి పరువు తీస్తున్నాయని, పెద్ద ఇంజన్ పెట్టమని డాక్టరుగారు ప్రాణం తీశారు. ఏడాది పాటు వద్దన్న మనిషి, చివరికి అదే కంపెనీ వాళ్ళ పాత వ్యాను ఇంజన్ మంచిది దొరికితే సరేనన్నారు.

ఇంజన్ ఎక్కించడం రెండు రోజుల పని. దాని చుట్టూ రేకు కట్టడానికి మూడు వారాలు పట్టింది. వ్యానుకు చేసిన ఇంజన్ కదా, కారులో కూర్చోబెడితే చుట్టూ బొటనవేలు దూరేంత సందు మిగిలింది. ఆ సందు ఎందుకు మూయాలో నాకు వంటింటి భాషలో చెప్పారు. “పైన విసనకర్ర, కింద పొయ్యి అనుకో. విసనకర్ర పైనున్న చల్లగాలి తీసుకుని ఇంజన్ మీద కొట్టాలి. వేడెక్కిన గాలి కారు కిందికి పోవాలి. మధ్యలో గోడ లేకపోతే ఆ వేడిగాలే మళ్ళీ పైకొస్తుంది. ముసుగు తన్ని పడుకున్నవాడు తన ఊపిరే తను పీల్చినట్టు.”

ఆ గోడే రేకు. టేపుతో ఆయన కొలిచేవారు కాదు. చెప్పుల పెట్టె అట్ట సందు మీద పరిచి, అంచు వెంట గోటితో నొక్కి, ఇంటికి తెచ్చేవారు. గీత వెంట నేను కత్తిరించేదాన్ని. అట్ట సరిపోతే రేకు, రేకు అంచుకు రబ్బరు పట్టీ. అంతా బిగించాక తమ్ముణ్ణి లైటుతో కారు కింద పడుకోబెట్టి, నన్ను పైనుంచి చూడమనేవారు. చుక్కంత వెలుగు కనబడినా విప్పేసి మళ్ళీ మొదలు. ఆ తాబేలుకు నాలుగుసార్లు విప్పారు. ఐదోసారి నాకు చీకటి తప్ప ఏమీ కనబడలేదు. ఆ తర్వాత ఎనిమిది నెలలు అది ఎత్తులన్నీ ఎక్కింది.

మొన్న పక్కింటి టైలరమ్మ గోడ దగ్గర నిలబడి నసిగింది. “అక్కా, నువ్వు ఏమీ అనుకోనంటే చెబుతా. మా తమ్ముడి ఫోన్లో చూశాను. పాత కార్ల వాళ్ళ గ్రూపులో డాక్టరుగారు రాశారు. బావగారు పెట్టిన ఇంజన్ కాలిపోయిందట. చేతకాని పని చేశాడని రాశారు.”

“ఎప్పుడు?”

“తొమ్మిది రోజులైంది.”

స్టవ్ ఆపేసి షెడ్డుకు వెళ్ళాను. ఆయన పోయాక అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు. ఇప్పుడు దాన్ని మా మరిది చూసుకుంటున్నాడు. పదేళ్ళు అన్న దగ్గరే పని నేర్చుకున్నవాడు. డాక్టరుగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. తాబేలు వెనక మూత తెరిచి ఉంది, ఇంజన్ ఇంకా దించలేదు. నేను ఎవరినీ పలకరించకుండా వెళ్ళి వంగి చూశాను. ఇంజన్ చుట్టూ కింద నేల కనబడింది. నూనె మరకలు కూడా లెక్కపెట్టొచ్చు.

“రేకులేవి?” అన్నాను.

“నువ్వెందుకొచ్చావు వదినా? కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణిగా,” అన్నాడు మరిది.

“రేకులేవి?”

తలుపు వెనక చూశాడు. నేనూ చూశాను. రబ్బరు పట్టీలతో సహా గోడకు ఆనించి ఉన్నాయి.

డాక్టరుగారు లేచారు. “చూడమ్మా, పాత కార్ల ఎగ్జిబిషన్‌లో పెట్టాం. ఇంజన్ బాగా కనబడాలని తీయించాను. అయినా వేడెక్కేదానికి గాలి తగలనివ్వాలి గానీ, ఎవరైనా చుట్టూ మూసి కూర్చుంటారా? తీస్తే ఇంకా చల్లగా ఉండాలి కదా.”

“మీరు పళ్ళు పీకేటప్పుడు ఇలాగే అనుకుని పీకుతారా?”

ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. నేను మరిది వైపు తిరిగాను. “ఆయనకు తెలియదు సరే. నీకేమైందిరా? లైటు పట్టుకుని కారు కింద పడుకున్నది నువ్వు కాదూ?”

“నేనే వదినా.” తల దించుకున్నాడు. “ప్రదర్శన అయ్యాక పెట్టేద్దామనుకున్నా. ఈయన అలాగే పొడుగు ప్రయాణం పెట్టుకున్నారు. నేనూ అడ్డు చెప్పలేదు. నేను తీశానంటే నా దగ్గరికి ఇంకెవరొస్తారు? పోయిన అన్నయ్యకి ఇందులో పోయేదేముందిలే అనుకున్నా.”

పోయేదేముందట! ఒంటి మీద బట్టలు కూడా వదిలేసి వెళ్ళిన మనిషి ఈ లోకంలో ఉంచుకున్నది చేతిపనికి వచ్చిన ఆ మంచిపేరు ఒక్కటే. దాన్ని తమ్ముడే తీసి, చేతులు తుడుచుకునే గుడ్డ చేసుకున్నాడు.

“సరేనమ్మా, సంగతి తెలిసింది కదా. ఇంటికి వెళ్ళండి,” అన్నారు డాక్టరుగారు.

“నేను తెలుసుకుని పోవడానికి రాలేదు. ఎక్కడ అన్నారో అక్కడ చెప్పండి. అందాకా నేను ఇక్కడే.” టైర్ల మీద కూర్చున్నాను.

ఆయన గడియారం చూసుకున్నారు, మరిదిని చూశారు, నన్ను చూశారు. చివరికి ఆ గ్రూపు తెరిచి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, ఇంజన్ చెడడానికి కారణాలు అనేకం ఉంటాయని మొదలుపెట్టారు. “రేకుల సంగతి చెప్పండి,” అన్నాను. చెప్పారు. మేస్త్రీ తప్పు లేదని కూడా అన్నారు. మరిది ఫోన్ తీసుకుని, విప్పింది తనేనని చెప్పాడు.

నిమిషంలో జవాబులు టపటపా వచ్చి పడ్డాయి. మరిది పైకి చదివాడు. “మాకు ముందే అనుమానం, ఆయన పని అలా ఉండదు.” “మేస్త్రీగారి చెయ్యి పడితే తిరుగుండదు, అప్పుడే అనుకున్నాం.” అందరూ అనుకున్నవాళ్ళే! ఎన్ని ఆదివారాలు మా ఇంట్లో టీలు తాగి, బండి కాస్త చూడు మేస్త్రీ అని బతిమాలినవాళ్ళు! తొమ్మిది రోజుల్లో ఒక్కరికీ ఆ ముక్క పైకి అనడానికి నోరు రాలేదు.

ఇక చదవొద్దన్నాను మరిదితో. వాడు ఇంటి దాకా దిగబెడతానన్నాడు. అక్కర్లేదన్నాను.