వెనక నుంచి చదివిన నవల

పదేళ్లుగా ఒకే మాట అడుగుతున్నాను. ఇంట్లో ఒక్కరూ జవాబు చెప్పలేదు. "మళ్ల షురూ చేసిండు" అని లేచిపోతారు. అందుకే రాస్తున్నాను. కాగితం మీద ఉన్నదాన్ని వినలేదని చెప్పలేరు.

నేను చదువుకున్నది ఉర్దూలో. మా రోజుల్లో వరంగల్‌లో చదువంటే అదే. మా పిల్లలది తెలుగు మీడియం. నా చిన్నప్పుడు బడిలో బహుమతిగా ఇచ్చిన పిల్లల నవల ఒకటి నా దగ్గర ఉంది. ఏదో ఇంగ్లీషు పుస్తకానికి ఉర్దూ అనువాదం. ఉర్దూ పుస్తకం కదా, తెలుగు పుస్తకానికి చివరి అట్ట ఉండే వైపు నుంచి తెరవాలి. తల్లిదండ్రులు లేని పిల్లవాడు, పడవ నడిపే తాత, ఒక వరద. ఆదివారం మధ్యాహ్నాలు మట్టెవాడలో మా ఇత్తడి సామాన్ల దుకాణం కట్టేసి, అమ్మాయినీ అబ్బాయినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, కళ్లతో ఉర్దూ చదువుతూ నోటితో తెలుగు చెప్పేవాణ్ణి. అమ్మాయికి పదేళ్లు, వాడికి ఏడు. తెలుగు మాట తట్టని చోట ఆగేవాణ్ణి. ఆ ఆగడమే తరువాత నా నేరమైంది.

నాలుగు నెలలు పట్టింది. చివర్లో, వరదలో కొట్టుకుపోయిన తాత తిరిగి వస్తాడు. అమ్మాయి సంతోషంతో ఏడ్చింది.

మరుసటి ఏడు అదే నవల తెలుగులో బడి లైబ్రరీ నుంచి తెచ్చుకుంది. చివరి పేజీ మీద వేలు పెట్టింది.

"బాపూ, తాత రాడు. సచ్చిపోతడు. నువ్వు కల్పించి చెప్పినవ్."

"నా పుస్తకంల వస్తడు బిడ్డా. ఉన్నదే చదివిన."

"మరి మాటిమాటికి ఎందుకాగినవ్? ఆగుకుంట ఆగుకుంట అల్లినవ్."

నా భార్య తమ్ముడు అక్కడే చాయ్ తాగుతున్నాడు. "బావ పుస్తకం ఎనుకకెళ్లి చదువుతడు గదనే! అందుకే సచ్చిన తాత గూడ లేచొచ్చిండు."

అందరూ నవ్వారు. నా భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అబ్బాయి అర్థం కాకుండానే నవ్వాడు.

నేను వెళ్లి పక్కింటి దర్జీని తీసుకొచ్చాను. ఉర్దూ బడిలో నాతో చదివినవాడు. అద్దాలు పెట్టుకుని ఆ పేజీ చదివి, "వస్తడనే ఉన్నది బిడ్డా, ఖసమ్, ఒట్టు" అన్నాడు.

"చాచా నీ దోస్తే గద బాపూ," అంది అమ్మాయి నాతో.

అతను అద్దాలు తీసి జేబులో పెట్టుకుని, చాయ్ ముట్టకుండా వెళ్లిపోయాడు. అతనికి క్షమాపణ కూడా ఎవరూ చెప్పలేదు.

ఆ తరువాత నేను చదవలేదు, వాళ్లు అడగలేదు. ఆదివారాలు కూడా దుకాణం తెరిచి కూర్చునేవాణ్ణి. గిరాకీ ఉండేది కాదు. బాధ అనిపించలేదు. కోపమూ అనిపించలేదు. తిమ్మిరెక్కిన కాలు మనది కానట్టు ఉంటుందే, అలా ఉండేది. ఇప్పటికీ అలాగే ఉంది.

అమ్మాయి ఇప్పుడు మా ఊళ్లోనే, కాశిబుగ్గలో టీచరు. పోయిన వారం బిందె కొనడానికి వచ్చిన ఒకాయన అన్నాడు: "మీ బిడ్డ మా పోరగాండ్లకు పడవ తాత కథ చెప్పిందట సేట్. మా బాపు మాకు ఉల్టా చెప్పిండని మస్తు నవ్విచ్చిందట." నేను బిందె తుడిచి ఇచ్చాను.

తెలుగు చేసినాయన కథ మార్చాడో, ఉర్దూ చేసినాయన మార్చాడో నాకు తెలియదు. నేను అడిగేది అది కాదు. నా పుస్తకంలో ఉన్నది నేను చదివానా, లేదా? నా దోస్తు మాట చెల్లదంటే బిడ్డా, నన్ను ఎరగని, ఉర్దూ వచ్చిన మనిషిని నువ్వే వెతుక్కురా. పుస్తకం అల్మారాలో ఉంది. చదివించు. ఆ తరువాత అదే క్లాసులో, ఆ పిల్లల ముందే చెప్పు అమ్మా: మీ బాపు అబద్ధం ఆడాడా?