మా గాజువాక పిల్ల ‘నాను’ అనే అంటుంది

ఈ రోజు నా నవల ప్రూఫులు వచ్చాయి. గాజువాకలో పెరిగే ఓ పిల్ల కథ అది. చివర్లో ఆ పిల్ల, చదువు మానేయమన్న తండ్రికి ఎదురు నిలబడి “నాను మాననయ్యా” అంటుంది. ప్రూఫులు చూసినాయన దాన్ని “నేను మానను నాన్నగారూ” అని దిద్దేశాడు.

ఆ దిద్దిన మాటనే అమ్మకు చదివి వినిపించాను. రాసిన రోజు ఇదే చోట కళ్లు తుడుచుకున్న మనిషి పకపకా నవ్వింది.

“ఎవులే ఈ పిల్ల? తండ్రితో కొట్లాడతందా, టీవీలో వార్తలు సదువుతందా?”

వెంటనే ప్రూఫులాయనకు ఫోన్ చేసి, ‘నాను’ అనే ఉంచమన్నాను.

“అచ్చుతప్పు అనుకుంటారండీ” అన్నాడు.

“అనుకోనివ్వండి. కన్నతండ్రికే లొంగని పిల్ల మీకు లొంగుతుందా?”

పుస్తకంలో ‘నాను’ ఉంటుంది. మీ ఇంట్లో ఏమంటారో కింద రాయండి. నాను సూత్తన్నాను.