ముందు అడ్డం, తర్వాత నిలువు

తొమ్మిదో తరగతిలో గ్రాఫ్ కాగితం చూస్తేనే నాకు ఒళ్లు మండేది. బిందువు పెట్టమంటే పెట్టేదాన్ని, కానీ ఎప్పుడూ తిరగేసి. ముందు పైకెక్కి, ఆ తర్వాత పక్కకు జరిగేదాన్ని. హబ్సిగూడ ట్యూషన్‌లో సారు "ముందు అడ్డం, తర్వాత నిలువు" అని అరిచి అరిచి అలసిపోయారు. ఎటునుంచి లెక్కపెడితే ఏం పోయింది, అంకెలు అవే కదా అని నా మొండివాదం.

ఆ ఏడాది, మా చర్చివాళ్లం పోయినవాళ్లను తలుచుకునే సమాధుల పండుగకు ముందురోజు నాయనమ్మా నేనూ నాచారంలో సమాధుల తోటకు వెళ్లాం. వానాకాలంలో పోయిన తాత సమాధికి సున్నం వేయాలి. సిమెంటుతో ఇంకా కట్టించలేదు. మట్టిదిబ్బ, చుట్టూ ఇటుకలు, తల దగ్గర నాన్న పాతిన నీలం టైలు ముక్క, అంతే. నాన్న డ్యూటీకి పోతూ "గేటు కాడికెల్లి ఏడు, నాలుగు. యాదుంచుకో" అన్నాడు.

పిచ్చిమొక్కలు నడుం దాకా పెరిగి, ఏ దిబ్బ ఎవరిదో గుర్తుపట్టేలా లేదు. నేనే ముందు నడిచాను. ఏడు వరుసలు లోపలికి, నాలుగు పక్కకు. అక్కడ నిగనిగలాడే నల్లరాయి, దాని మీద ఎవరో పెద్దావిడ ఫోటో.

నాయనమ్మ సున్నం బకెట్ కింద పెట్టేసింది. జాగా చాలక పాత సమాధుల్లోనే కొత్తవాళ్లను పెడుతున్నారని ప్రార్థన కూటంలో ఎవరో చెప్పగా విని ఉంది.

"మీ తాతను తీసేసిన్రా బిడ్డా? ఏడాది గూడ కాలే గదా!"

నాన్నకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఫ్యాక్టరీలో ఫోన్లు బయటే పెట్టించుకుంటారు.

ఎవరినైనా అడుగుదామని గేటు దాకా పరుగెత్తాను. ఎవరూ లేరు. కానీ గేటు మూల నుంచి గోడ పొడవునా లైన్ల నంబర్లు రంగుతో రాసి ఉన్నాయి. అంటే ముందు గోడ వెంట ఏడు దాకా నడవాలి, ఆ తర్వాతే లోపలికి తిరగాలి. నేనేమో ముందే లోపలికి దూసుకుపోయాను. మేం నిలబడింది నాలుగు, ఏడు దగ్గర! ఏడాదంతా బుర్రకెక్కనిది అప్పుడెక్కింది.

"నాయనమ్మా, ఇటు రా! నేనే తప్పు తోలుకపోయిన!"

ఏడో నంబరు దగ్గర లోపలికి తిరిగి, నాలుగో దిబ్బ మీద మొక్కలు పీకితే నీలం టైలు బయటపడింది. నాయనమ్మ కూలబడి మట్టిని నిమిరింది.

"ఈడనే ఉన్నవా? పానం దీసినవ్ గదయ్యా!" అని తాతనే తిట్టింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. హమ్మయ్య అనుకున్నాను.

ఇటుకలకు సున్నం వేశాక నాయనమ్మ పక్కనున్న ఖాళీ జాగాలో కూర్చుంది.

"గిదేం నంబరు బిడ్డా?"

"ఎనిమిది, నాలుగు" అన్నాను ఠక్కున.

"మీ తాత పక్కన ఖాళీగనే ఉన్నది. పొద్దటి సంది నా ఫికరంత గిదే" అంటూ ఆమె అక్కడే నడుం వాల్చి, హాయిగా కళ్లు మూసుకుంది.

"లే నాయనమ్మా, మట్టంటుతది" అని ఆమె చెయ్యి పట్టుకుని గట్టిగా లాగాను.