అన్న ఏ మిషన్ అమ్మిండు

ఇరువై దినాల కింద, సోమారం పొద్దుగాల, మా పక్కింటి అన్న పోయిండు. చాయ తాగి, గిలాస పక్కన పెట్టి, గోడకు ఒరిగి కూసున్నోడు కూసున్నట్లే ఉన్నడట. "ఓ పిల్లా, మీ అన్న పలుకుతలేడు" అని వదినె ఒర్రితె, చేతులకంటిన పిండితోనే ఉరికిన. ఆయన నడుపుకునే ట్రాలీ ఆటోలనే పండవెట్టి దవాఖానకు తీస్కపోయినం. గాడ డాక్టరమ్మ చెయ్యి పట్టి చూసి మెల్లగ చెప్పింది. తొవ్వలనే పానం పోయిందట.

పైసలున్నోళ్లు పేపర్ల ఫొటో ఏయిస్తరు. మాకు అంత తాహతు లేదు. ఏయిద్దామన్నా ఫొటో ఏది? అన్నకు ఫొటో దిగుడంటేనే సిగ్గు. ఉన్న ఒక్కదాంట్ల గూడ సగం మొఖం కొమ్మ చాటున్నది. అందుకే నాకు వచ్చినట్లు నేను రాస్తున్న. మీకు మా అన్న ఎవరో ఎరుక ఉండకపోవచ్చు. గని సిద్దిపేటల ఎన్నడన్న మీ ఇంటి మీదికి ఒరిగిన చెట్టు కొట్టిచ్చుకొని ఉంటే, "ఇటు రాకున్రమ్మా, జర అటే ఉండున్రి" అని కిందికెల్లి మొత్తుకున్న నల్లటి పొడుగు మనిషి ఉంటడు గదా, ఆయన్నే.

అన్న అంటే నా తోడవుట్టినోడు కాదు. మా రెండిండ్లకు నడుమ ఒక్కటే గోడ. అటు పోపు పెడితే ఇటు తుమ్ములొస్తయ్. నాకు అన్నదమ్ములు లేరని తెలిసినకాడికెల్లి ఆయనే "చెల్లె" అనుడు మొదలువెట్టిండు. రాఖీ పున్నం నాడు నేను పిలిచేదాంక ఆగకపోయేది. పొద్దుగాల్నే తానం చేసి వచ్చి, చెయ్యి చాపి మా గడప మీద కూసునేది. అట్ల మా ఆయన, ఆయన ఒకలకొకలు బావలైన్రు. బావలైనంక ఇగ ఎక్కిరిచ్చుకునుడు అడగాల్నా? పొద్దుమాపు అదే పని.

మా ఆయన తాళ్లెక్కే ఇంట్ల పుట్టినోడు. ఒకపారి తాటిచెట్టు మీదికెల్లి జారి, మట్ట దొరకవట్టుకొని బతికిండు. ఇగ కల్లు గీసుడు వద్దని నేను పిల్లల మీద ఒట్టు పెట్టిచ్చిన. ఒట్టు పెట్టిచ్చుడు అల్కనే గని పొట్టలు నిండాలె గదా! పట్నం పోయి ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్ పనికి కుదిరినం. మెట్ల కింద ఒక్క అర్ర. నేను నిటారుగ నిలవడితే నెత్తికి తాకేది. పక్కనే నీళ్ల మోటరు. అది మొదలైతే మా పిల్లలు చెవులు మూసుకొని బుక్క మింగేది. ఎవ్వలి కారు వచ్చినా, ఏ యాళ్లకు వచ్చినా, లేచి గేటు తియ్యాలె.

బతుకమ్మకని చింతమడకల మా అత్తగారింటికి వచ్చినప్పుడు, గాడ అన్న ఒక యాపచెట్టు కొట్టవట్టిండు. మీద కొమ్మల ఇరుక్కున్న కోత మిషన్‌ను తీసేటోడు లేక కింద తిరుగుతుండు. మా ఆయన చెప్పులిడిచి, కోతిలెక్క ఎక్కి తీసుకొచ్చి చేతుల పెట్టిండు. అన్న ఎగాదిగా చూసి, "పైకెక్కేటోడు నాకు కావాలె. మా పక్కిల్లు కిరాయికి ఖాళీగుంది. వస్తవా?" అని అడిగిండు. గంతే. మోటరు సప్పుడు కంటే మిషన్ సప్పుడే నయమని నేను గూడ తలూపిన.

అన్నకాడ చెట్లు కోసే చైన్ మిషన్లు మూడుండె. పెద్దది చింత మొద్దులనే కోసి పారేసేది. దాని బరువుకు వేరేటోళ్లకు జరసేపట్ల భుజం గుంజేది గని, అన్న పొద్దంత మోసేది. పెద్ద చెట్టు పడగొట్టుడంటే ఆయన పనే, పేరు గూడ ఆయనదే. చిన్నది తేలిక, మీదికెక్కి కొమ్మలు కొట్టనీకి. అది మా ఆయనకే ఇచ్చిండు. మూడోది అన్న అందరికంటే ముందు కొన్నది. దాన్ని మేము ముసలిది అనేటోళ్లం. దాని దారం గుంజితే ఎవ్వలికి మోగకపోయేది. అన్న పోయి, "ల్యావే, ఎండ ఎక్కింది" అని చెప్పి గుంజితే మాత్రం డుర్రుమనేది.

మిషన్ పెట్టేముందు అన్న చెట్టును అరిచేత్తోని తట్టి, మీదికి చూసేది. గూడు కనవడిందంటే ఇగ ఆ పని ఆ దినం కాదు. ఒకపారి ఒక పెద్ద సారు, "గీ పిట్ట కోసం పని ఆపుతవా?" అని గరమైండు. అన్న చేతులు కట్టుకొని, "వాళ్లు కిరాయికున్నరు సారు. ఖాళీ చేసినంక వస్త" అని చెప్పి ట్రాలీ తిప్పుకొని వచ్చిండు. ఆ సారు కోపం తోని వేరేటోళ్లను పిలుచుకుంటడేమో అనుకున్నం. పిలువలే. పిల్లలు ఎగిరిపోయినంక ఆయనే ఫోన్ చేసి, "మీ కిరాయిదార్లు పోయిన్రు, రాన్రి" అన్నడు.

నిరుడు వానకాలం మాత్రం మమ్మల్ని సతాయించింది. ముసురు పట్టింది పట్టినట్లే ఉండె. పొలాలకు ట్రాలీ దిగవడకపోయె. కొట్టిన కట్టెను సామిల్లుల తడిదని కొనకపోయిరి. ట్రాలీ కిస్తులు ఆగినయ్. ఫైనాన్సోళ్లు వాకిట్లకొచ్చి, దసర లోపట కట్టకుంటే ట్రాలీ గుంజుకపోతమని చెప్పి పోయిన్రు. ట్రాలీ పోయినంక మిషన్లు నెత్తి మీద పెట్టుకొని తిరగాల్నా? మిషన్ ఒకటి అమ్మాలె. ఇగ ఏది అమ్మాలె అన్నదే పంచాయితి.

మొదలు అందరం ముసలిదాన్నే అనుకున్నం. కొండపాకకెల్లి ఒకాయన వచ్చిండు. మనిషి మంచోడే. అంగి చేతులు మడిచి దారం గుంజిండు. మళ్ల గుంజిండు. చెమటలు కారుకుంట, నడుం పట్టుకొని గుంజిండు. అది కిమ్మనలే. పాపం ఆయన అవస్థ చూడలేక అన్న లేచి ఒక్కపారి గుంజిండు, డుర్రుమన్నది. ఆయన మొఖం తుడుసుకొని, "దీంతోని మిమ్మల్ని గూడ అమ్ముతనంటే కొంట" అన్నడు. మేమందరం కడుపులు పట్టుకొని నవ్వినం. నవ్వినంక గని ముసలిదాన్ని ఎవ్వలు కొనరని సమజు కాలే.

గప్పుడు వదినె నోరు తెరిచింది. "చిన్నది అమ్ముదాం. దానికి గిరాకి ఉంది. పెద్దది ఉంటే పెద్ద పనులొస్తయ్, నాలుగు పైసలొస్తయ్" అన్నది. ఆమె చెప్పింది తప్పేం కాదు. లెక్క సూటిగుంది. అందుకే నాకు ఇంకా మండింది. చిన్నది పోతే మా ఆయనకు పనేది? మళ్ల ఆ మెట్ల కింది అర్రనే గదా. "అట్లయితే మా ఆయన చేతులు గూడ అమ్మున్రి వదినె, మంచి గిరాకొస్తది" అని కస్సుమన్న. "నేనేమన్న నా కోసం చెప్తున్ననా?" అని ఆమె కొంగు నోట్ల కుక్కుకున్నది. అన్న మాత్రం ఆకురాయితోని పెద్దదాని చైన్ పండ్లు నూరుకుంట, తల ఎత్తకుంట, "మెల్లగ మాట్లాడున్రి, మిషన్లు ఇంటున్నయ్" అన్నడు. నవ్వుదామంటే ఎవ్వలికి నవ్వు రాలే.

అవతల మా ఆయన పట్నం ఫోన్ చేసుడు నేను ఇన్న. వాచ్‌మన్ జాగ ఖాళీ ఉందా అని అడుగుతుండు. బావ మీద బరువు కావద్దని ఆయన ఆలోచన. బియ్యం డబ్బ దించి, పట్నం తీస్కపోయే గిన్నెలు ఒక దిక్కు, వదినెకు ఇడిసిపెట్టే గిన్నెలు ఒక దిక్కు పెట్టుకుంట ఏడ్చిన. గోడ అవతలికి ఇనవడ్డదో ఏమో మరి.

రెండొద్దులకు కొండపాకాయన మళ్ల వచ్చిండు, చిన్నది తీస్కపోతనని. వదినెనే ఫోన్ల మాట్లాడింది. మా ఆయన చిన్న మిషన్‌ను తుడిచి, నూనె పోసి, ఆఖరుపారి అన్నట్లు దాని పట్టు మీద చెయ్యి పెట్టి నిలవడ్డడు. నేను గోడ కాడ్నే ఉన్న. అన్న లోపటికి పోయి, గోనెసంచిల సుట్టిన మిషన్ భుజాన పెట్టుకొని వచ్చి గద్దె మీద దించిండు. ఇప్పి చూస్తే పెద్దది.

"చిన్నది అన్నరు గదనే?" అన్నడు కొండపాకాయన.

"చిన్నది మా బావ చేతిది. ఇది నాది. నాది నేను అమ్ముకుంట" అన్నడు అన్న.

మా ఆయన, "బావా, నీకేమన్న పిచ్చా? పెద్దది లేకుంటే నువ్వేం పని చేస్తవ్?" అని మిషన్‌కు అడ్డం పోయిండు. అన్న ఆయన్ని పక్కకు జరిపి, "నువ్వు మీద కొమ్మ కోస్తుంటే కింద తాడు పట్టేటోడు కావాలె. ఇన్నొద్దులు కూలి మనిషిని పెట్టినం. ఇగ ఆ కూలి నేను తీసుకుంట. ఇయ్యవా ఏంది?" అన్నడు. అంత పెద్ద మొద్దులు పడగొట్టిన మనిషి, తన కింద పనిచేసేటోని కింద తాడు పట్టుతనని అందరి ముంగట చెప్పిండు. మా ఆయన మిషన్ మీదనే తల పెట్టి ఏడ్చిండు. వదినె లోపటికి పోయింది. అలిగిందనుకున్న. జరసేపటికి అందరికి చాయ పట్టుకొచ్చింది గని, అన్న గిలాస మాత్రం టక్కున కింద పెట్టింది. నాలుగొద్దులు ఆయనతోని మాట్లాడలే. "గీ మనిషితోని నేనెట్ల ఏగాలె పిల్లా" అని నాతోనే అనేది. మేమిద్దరం అట్లనే మళ్ల కలిసినం.

ట్రాలీ దక్కింది. దసరనాడు ఎప్పటిలెక్క వాకిట్ల మిషన్లకు పసుపు కుంకుమ పెట్టినం. చాప మీద పెద్దదాని జాగ ఖాళీగుంది. అందరం అటు చూడనట్లే ఉన్నం. వదినె లేచిపోయి, అన్న పట్టే తాడు సుట్ట తెచ్చి ఆ జాగల పెట్టి, దానికి బొట్టు పెట్టింది. అన్న ఆమె దిక్కు చూసిన చూపు నేను చెప్పలేను.

అప్పటికెల్లి ఇద్దరు బావలు ఊర్లె కొమ్మలు కొట్టే పనులే పట్టిన్రు. ఇండ్ల మీది కొమ్మలు, కరెంటు తీగల మీదివి, బడి గోడల మీదివి. మా ఆయన మీదికెల్లి, "ఢీల్ ఇడువు బావా!" అని అరిచేది. అన్న పక్క చెట్టుకు మలుపు తిప్పిన తాడును జర జర ఇడుసుకుంట, ఎవ్వల పెంకు పలగకుంట కొమ్మను కిందికి దించేది. వర్గల్ దిక్కుకెల్లి గూడ పిలిచిన్రు. పనులు కుదిరినంక మా ఆయన చిట్టి ఎత్తి, "పెద్దది మళ్ల కొందాం బావా" అన్నడు. అన్న వద్దన్నడు. ఈ రాఖీ నాడు నేనే అడిగిన, పెద్ద మిషన్ యాదికి రాదా అని.

"రాకేం చెల్లె? భుజానికి ఇంకా దాని బరువు తెలుస్తది. గని అది పట్టుకున్నన్ని దినాలు నాకు చెట్టు మొదలే కనవడేది. ఇప్పుడు తాడు పట్టుకుంటే మీద మనిషి కనవడుతుండు" అన్నడు. ఎన్నడు రెండు మాటలకంటే ఎక్కువ మాట్లాడనోడు, ఆ దినం గంత మాట్లాడి, మిఠాయి నోట్లేసుకొని పోయిండు. మా అన్న నాకిచ్చిన కట్నకానుకలు ఏందని ఎవ్వలన్న అడిగితే ఆ మాటే చెప్త.

పెద్దకర్మ అయిపోయినంక, ముందే ఒప్పుకున్న పని ఒకటి మిగిలింది. ఒక ఇంటి మీదికి ఒరిగిన యాపకొమ్మ. మా ఆయన వద్దంటనే వద్దంటనే మిషన్ తీసిండు. తాడు పట్టనీకి మనిషి దొరకలే. దొరికినా పట్టనిస్తుండెనో లేదో. నేనే పోయిన. కొంగు నడుముకు చెక్కుకొని, తాడును పక్క చెట్టుకు మలుపు తిప్పి పట్టుకున్న. వదినె గేటు కాడ నిలవడి, వచ్చేపోయేటోళ్లను ఆపుతున్నది.

మీద మిషన్ మోగింది. పొట్టు రాలింది. కొమ్మ టక్కుమన్నది. మా ఆయన కిందికి చూడకుంట, "ఢీల్ ఇడువు బావా!" అని అరిచిండు.

మిషన్ ఆగిపోయింది. మీద ఆయన కొమ్మకు నొసలు ఆనిచ్చి అట్లనే ఉన్నడు. గేటు కాడ వదినె మొఖం అటు తిప్పుకున్నది. కొమ్మ బరువంత నా చేతుల్లకు వచ్చింది. తాడు అరిచేతులు కోస్తున్నా గట్టిగ పట్టుకొని, జర ఇడిసిన, ఇంకా జర ఇడిసిన. పచ్చటి కొమ్మ గాలికి ఊగుకుంట, ఎవ్వల పెంకుకు తాకకుంట, మెల్లగ నా దిక్కు దిగుతున్నది.