కళ్ళకద్దుకునే అంకుల్

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుగా దొరుకుతున్న రోజుల్లో సింగపూర్ వచ్చాను. తంజోంగ్ పగార్‌లోని ఆఫీసులో నా పక్క సీటు, ఆఫీసంతా అంకుల్ అని పిలిచే పెద్దాయనది. మలేషియాలో పుట్టిన తెలుగాయన. మంచి పనితనమున్నది ఏది చేతికొచ్చినా ముందు కళ్ళకద్దుకునేవాడు. నా మొదటి ప్రోగ్రామ్ ప్రింటు తీసి ఇస్తే ఆ కాగితాలనూ అద్దుకున్నాడు. సిగ్గుపడుతూనే లోలోపల పొంగిపోయాను.

ఆయనకు గడియారాల పిచ్చి. ఏటా సెలవు పెట్టి స్విట్జర్లాండ్ వెళ్ళేవాడు. పెద్ద కంపెనీల గడప తొక్కేవాడు కాదు. ఏడాదంతా ఒక్కడే కూర్చుని నాలుగైదు గడియారాలు చేసే పనివాళ్ళ దగ్గరికే వెళ్ళేవాడు. మొదటిసారి ఒక ముసలాయన తను చేసిన గడియారం చేతికివ్వగానే అంకుల్ అలవాటుగా కళ్ళకద్దుకున్నాడట. పాపం, చూపు ఆనడం లేదనుకుని ఆయన భూతద్దం తెచ్చిచ్చాడట.

"నవ్వినాను తంబీ. కన్ను బాగానే ఉంది సార్, ఇది మా దండం అని చెప్పినాను," అన్నాడు నాతో.

కొన్నేళ్ళకు ఆ ముసలాయన సింగపూర్‌లో గడియారాల ప్రదర్శనకు వచ్చాడు. అంకుల్ నన్నూ తీసుకెళ్ళాడు. గడియారం పెట్టుకోవడానికి ఆంటీ చేత్తో కుట్టిన చిన్న గుడ్డసంచిని, అంత గొప్ప పనివాడికి ఇదేం ఆనుతుందోనని బెరుకుగానే ఆయన చేతిలో పెట్టాడు.

ముసలాయన ఆ కుట్లను వేలితో తడిమాడు. తరవాత రెండు చేతులా ఎత్తి కళ్ళకద్దుకున్నాడు.

బల్ల దగ్గరున్న చైనీస్ అమ్మాయి గబగబా భూతద్దం అందించబోయింది.

అంకుల్ తలెత్తి, అందరికీ వినిపించేలా సింగపూర్ యాస ఇంగ్లీషులో అన్నాడు: "నో నీడ్ లా. హీ కెన్ సీ."