సైటు లేనివాళ్ల వారంటీ

ముందే చెప్తున్నాను, ఇందులో ఎవరికీ ప్రాణాపాయం లేదు. పోయింది నా పరువొక్కటే. అది కూడా నంద్యాల నుంచి కర్నూలు దాకా, ఎక్స్‌ప్రెస్ బస్సులో, టికెట్టు కొనుక్కొని మరీ పోయింది.

మహానందిలో మా మామకు టిఫిన్ హోటలుంది. నేను బీకాం చదివి, పెళ్లయి వచ్చి, ఆ హోటల్లో చట్నీ రుబ్బే రోలు దగ్గర స్థిరపడ్డాను. పాపకు పది నెలలు నిండాక కౌంటర్లో కూర్చోవాలని బుద్ధి పుట్టింది. "బిల్లింగు మిషను కొందాం మామా, నేను చూసుకుంటా" అని నెల రోజులు పోరాను. చివరికి ఒప్పుకున్నాడు. షరతు ఒకటే.

"అది చెడిపోతే నా చేతిరాత బిల్లు చీటీలు నాకు, నీ రోలు నీకు."

మిషను అమ్మడానికి వచ్చినాయన కాగితాలు పరిచి అడిగాడు. "వారంటీ ఆన్ సైటు కావాల్నా మేడం, క్యారీ ఇన్ కావాల్నా? ఆన్ సైటుకు వెయ్యి ఎక్కువైతాది."

మా సీమలో సైటు అంటే ఒకటే అర్థం, నాలుగు మూలలా రాళ్లు పాతిన ఇంటి స్థలం. నా బీకాం బుర్ర చకచకా పనిచేసింది.

"మాకు సైటు లేదప్పా. ఇది బాడుగ బిల్డింగు. క్యారీ ఇన్ ఇయ్యి చాలు."

ఆయన నన్ను ఒక్క క్షణం అలాగే చూశాడు. దాన్ని గౌరవం అనుకున్నాను. ఆయనిచ్చిన వారంటీ కార్డు వెనక చీమల బారుల్లాంటి అక్షరాలున్నాయి. చంకలో పాప ఏడుస్తుంటే చీమల్ని ఎవరు లెక్కపెడతారు? ముందు వైపు సంతకం గీకేశాను.

రెండు నెలలు మహారాణిలా బిల్లులు కొట్టాను. శివరాత్రి నాలుగు రోజుల్లో ఉందనగా మిషన్లో కాగితం రోలు అయిపోయింది. ఎప్పుడూ రోలు మార్చే సర్వరు కుర్రాడు ఊరికి పోవడంతో, మొదటిసారి నేనే కొత్తది వేశాను. మిషను గర్రుమంది, బిల్లు బయటికొచ్చింది. ఉతికి ఆరేసిన పంచెలా తెల్లగా! ఒక్క అక్షరం లేదు.

మామ దాన్ని ఎండకు పట్టి చూశాడు. "ఏమ్మా, నీ మిషను మౌనవ్రతం పట్టిండాదే?"

పెనం దగ్గర నుంచి అత్త అందుకుంది. "ఒకతూరి తిరగేసి చూడరాదా మ్మే. ఒక పక్క కాలకుంటే ఇంకో పక్క కాల్తాది."

"అత్తా! ఇది కంప్యూటరు. దోశ కాదు."

"నాకేం తెలుసులే తల్లీ. చదువుకున్నదానివి."

కర్నూలు సర్వీసు సెంటరుకు ఫోన్ చేశాను. "మాకు క్యారీ ఇన్ వారంటీ ఉండాదప్పా. వచ్చి మోసుకపోండి."

"మేము మోసేది కాదు మేడం. మీరే మోసుకొని రావల్ల."

"మరి ఆన్ సైటంటే?"

"మిషను యాడుంటే ఆడికి మేమొచ్చేది."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను కార్డు చదవకుండానే పోగొట్టుకున్నాను.

మర్నాడు ఒక చంకన పాప, ఒక చంకన బియ్యం మూటంత మిషను, భుజాన సంచి. సంచిలో గ్రైప్‌వాటరు, జ్వరం మందు, మూడు గౌన్లు, రెండు ఫ్లాస్కులు. ఊరి పొలిమేర దాటితే చాలు, పాపకు ఏదో అవుతుందని వణికే తల్లిని కదా! నంద్యాలలో కండక్టరు మా ముగ్గుర్నీ పరిశీలించాడు.

"చిన్న పాపకు వద్దులేమ్మా. ఆ పెద్ద పాపకు టికెట్టు తీసుకోవల్ల."

గతుకు వచ్చినప్పుడల్లా ముందు పాప తల, తర్వాత మిషను తల తడిమాను. పాణ్యం దగ్గర వరస తప్పి మిషనుకు జోకొట్టాను.

సర్వీసు సెంటర్లో కళ్లద్దాల పెద్దాయన ఉన్నాడు. వారంటీ కార్డును కత్తిలా దూశాను. "ప్రింటు హెడ్డు పోయిండాదన్నా! కొత్తది వేయల్ల. శివరాత్రి ముంచుకొస్తాంది. ఇది బాగు కాకుంటే నేను మళ్లీ రోలు కాడికి పోవల్ల!"

ఆయన మూత తెరిచాడు. రోలు తీశాడు. తిప్పి పెట్టాడు. మూత వేసి మీట నొక్కాడు. మా హోటలు పేరు నల్లగా, నిక్షేపంగా బయటికొచ్చింది.

"ఈ కాగితానికి ఒక పక్కనే అచ్చు పడుతుందమ్మా. మీరు తిరగేసి వేసినారు."

"అంతేనా?"

"అంతే. కార్డెనకాల బొమ్మ గూడా ఉండాది, సూడండి."

చూశాను. రోలు బొమ్మ, బాణం గుర్తు. దాని పైన, క్యారీ ఇన్ అంటే ఏమిటో నాలుగు వరుసలు. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లు నా కన్నా నయం. నేను కొండను బస్సులో మోసుకొచ్చాను, ఎలుక కూడా దొరకలేదు.

సాయంత్రం ఇల్లు చేరగానే మామ ఎదురొచ్చాడు. "ఎంత అయింది మ్మా?"

"వారంటీ కదా మామా. పైసా తీసుకోలేదు."

"భలే దానివే! కౌంటరు నీదే పో."

నా తల మహానంది గోపురమంత ఎత్తుకు లేచింది. అత్త మాత్రం అట్లకాడ చేత్తో పట్టుకొని నిలబడింది.

"అది సరే. ఇంతకీ ఏం చేసినారు?"

అబద్ధమాడదామనే నోరు తెరిచాను. మిషనుకు జోకొట్టి వచ్చినదాని నోటికి అబద్ధం కూడా రాలేదు.

"తిరగేసినారు, అత్తా."

అత్త పెనం దగ్గరికి వెళ్లి, కాలుతున్న దోశను సుయ్యిమని తిరగేసి, నా వైపు చూసింది.

"దీన్ని గూడా కర్నూలుకు తీసకపోదామా తల్లీ?"

కనుక, మా హోటలు ఉగ్గాని బజ్జి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై రోలైనా, కార్డైనా, దోశైనా, రెండో పక్క చూడకుండా చెయ్యి పెట్టను. ఇంకా సైటు కొనలేదు. కొన్ననాడు మిషనును దాని నడిమధ్యన పెట్టి, వెయ్యి ఎక్కువైనా సరే, ఆన్ సైటు వారంటీయే తీసుకుంటాను.